జార్జ్ వాషింగ్టన్ కార్వర్

జార్జ్ వాషింగ్టన్ కార్వర్ (1864 ప్రాంతం - 1943 జనవరి 5) అమెరికా సంయుక్త రాష్ట్రాలకు చెందిన ప్రముఖ వృక్షశాస్త్రవేత్త, వ్యవసాయ పరిశోధకుడు, అధ్యాపకుడు. బానిస తల్లికి జన్మించి, అనేక కష్టాలకోర్చి ఉన్నత విద్యను అభ్యసించాడు. 1896లో అలబామా రాష్ట్రంలోని టస్కెగీ అనే చిన్న విద్యాసంస్థలో వ్యవసాయ శాఖాధిపతిగా చేరి, మరణించేవరకు 46 సంవత్సరాలకు పైగా అక్కడే పనిచేశాడు. వేరుశనగ, చిలగడదుంపల నుండి అనేక ఉత్పత్తులను తయారుచేసిన శాస్త్రజ్ఞునిగా ఈయన లోకప్రసిద్ధుడు. అయితే ఈయన జీవితంలో అంతకంటే ముఖ్యమైన ఘట్టం టస్కెగీలో జరిగిన నియామకమే. ధనం, పరికరాలు లేని ఒక కళాశాల ఒక శాస్త్రవేత్తను ఎట్లా సంపాదించింది, అతనిపై ఎంత భారం మోపింది, అతడు ఎందుకు నిలిచిపోయాడు అన్న విషయాలు ఈయన చరిత్రలో స్పష్టంగా కనిపిస్తాయి.

బాల్యం

కార్వర్ మిస్సోరీ రాష్ట్రంలోని డైమండ్ గ్రోవ్ అనే పల్లె సమీపంలో జన్మించాడు. బానిసల జననాలను నమోదు చేసే ఆచారం లేనందున పుట్టిన తేదీ తెలియదు. 1864 లేదా 1865 తొలి దినాలు అయివుండవచ్చునని చరిత్రకారుల అంచనా. తల్లి మేరీని మోజెస్ కార్వర్ అనే రైతు 1855లో 700 డాలర్లకు కొన్నాడు. అమెరికా అంతర్యుద్ధం చివరి రోజులలో బందిపోట్లు తల్లిని, పసివాడైన జార్జ్‌ను ఎత్తుకుపోయారు. మోజెస్ పంపిన మనిషి బిడ్డను మాత్రమే తిరిగి తీసుకురాగలిగాడు. అందుకు ప్రతిఫలంగా మోజెస్ ఒక గుర్రాన్ని ఇచ్చాడు. తల్లి ఆచూకీ మరి తెలియలేదు.

1865లో బానిసత్వం రద్దయిన తరువాత మోజెస్, అతని భార్య సూసన్ జార్జ్‌నూ, అతని అన్న జిమ్‌నూ తమ ఇంటనే పెంచారు. జార్జ్ బలహీనుడు, తరచు దగ్గుతో బాధపడేవాడు. అందువలన పొలం పనులకు బదులు సూసన్ వద్ద వంట, బట్టలు ఉతకడం, కుట్టుపని నేర్చుకున్నాడు. తీరిక సమయంలో అడవిలో తిరిగి మొక్కలను సేకరించి పెంచేవాడు. వాడిపోయిన మొక్కలను బాగుచేయడంలో నేర్పరి కావడంతో ఇరుగుపొరుగువారు అతనిని మొక్కల వైద్యుడని పిలిచేవారు.

విద్యాభ్యాసం

ఊరిలోని బడిలో నల్లజాతి పిల్లలకు ప్రవేశం లేదు. అందుచేత కార్వర్ బాల్యంలోనే ఇల్లు విడిచి నియోషో పట్టణానికి వెళ్ళి, మరియా వాట్కిన్స్ అనే మంత్రసాని ఇంటిలో ఉంటూ నల్లజాతి పిల్లల బడిలో చేరాడు. తరువాత కాన్సాస్ రాష్ట్రంలో పలు ఊళ్ళు తిరుగుతూ, బట్టలు ఉతికి, వంటలు చేసి చదువు సాగించాడు. 1879లో ఫోర్ట్ స్కాట్ పట్టణంలో ఒక నల్లజాతి వ్యక్తిని గుంపు చంపడం కళ్ళారా చూసి, భయంతో ఆ ఊరు వదిలిపోయాడు.

1885లో కాన్సాస్‌లోని హైలాండ్ కళాశాల ఉత్తరం ద్వారా అతనికి సీటు ఇచ్చింది. తీరా వెళ్ళిన తరువాత నల్లవాడని గ్రహించి చేర్చుకోవడానికి నిరాకరించింది. ఈ అవమానం తరువాత కార్వర్ కొంతకాలం చదువు మాని, పశ్చిమ కాన్సాస్‌లో ప్రభుత్వ భూమి తీసుకొని మట్టిగడ్డలతో ఇల్లు కట్టుకొని సేద్యం చేశాడు. 1890లో అయోవా రాష్ట్రంలోని సింప్సన్ కళాశాలలో చేరి చిత్రలేఖనం, సంగీతం అభ్యసించాడు. అక్కడి చిత్రలేఖన ఉపాధ్యాయిని ఎటా బడ్ అతనికి మొక్కలపై గల ఆసక్తిని గుర్తించింది. నల్లజాతి చిత్రకారునికి జీవనోపాధి కష్టమని భావించి, ఏమ్స్ పట్టణంలోని అయోవా వ్యవసాయ కళాశాలకు వెళ్ళమని ప్రోత్సహించింది. ఆమె తండ్రి ఆ కళాశాలలో ఉద్యానశాస్త్ర ఆచార్యుడు.

1891లో కార్వర్ ఆ కళాశాలలో చేరిన మొదటి నల్లజాతి విద్యార్థి అయ్యాడు. తొలిరోజులలో మిగతా విద్యార్థులతో కలిసి భోజనం చేయనివ్వక, అతనిని క్రింది అంతస్తులో పనివారితో పాటు కూర్చోబెట్టారు. క్రమంగా ఆ పరిస్థితి మారింది. 1893లో షికాగోలో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో అతడు గీసిన యుక్కా మొక్క చిత్రానికి ప్రశంస లభించింది. 1894లో పట్టభద్రుడయ్యాడు. వెంటనే కళాశాల అతనిని సహాయకునిగా నియమించి, హరితగృహం బాధ్యతను, ప్రథమ సంవత్సరం వృక్షశాస్త్ర తరగతులను అప్పగించింది. ఆ కళాశాలలో మొదటి నల్లజాతి అధ్యాపకుడు ఈయనే. ప్రసిద్ధ వృక్షశాస్త్రజ్ఞుడు లూయీ పామెల్ వద్ద శిలీంధ్రాలపైన, మొక్కల తెగుళ్ళపైన పనిచేసి 1896లో స్నాతకోత్తర పట్టా పొందాడు. శిలీంధ్రాలను వెదకి పట్టుకోవడంలో కార్వర్‌కు గల నైపుణ్యాన్ని పామెల్ ఎంతో మెచ్చుకొనేవాడు.

టస్కెగీ సంస్థ

టస్కెగీ సంస్థ 1881లో అలబామా శాసనసభ చేసిన చట్టం ద్వారా ఏర్పడింది. నల్లజాతి ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చే ఈ పాఠశాలకు ప్రభుత్వం మొదట ఏడాదికి 2,000 డాలర్లు కేటాయించింది. ఆ డబ్బు ఉపాధ్యాయుల జీతాలకు మాత్రమే. స్థలం, భవనాలు, పరికరాలు సంస్థే సమకూర్చుకోవాలి. ప్రిన్సిపాల్ బుకర్ టి. వాషింగ్టన్ కూడా బానిసగా పుట్టినవాడే. ఆయన విద్యార్థుల చేత ఇటుకలు కాల్పించి, భవనాలు కట్టించి, ఉత్తర రాష్ట్రాల దాతల నుండి విరాళాలు సేకరించి సంస్థను నిలబెట్టాడు. కార్వర్ పేరులోని వాషింగ్టన్‌కు ఈయన పేరుతో ఎటువంటి సంబంధం లేదు.

వాషింగ్టన్ తన సంస్థలోని బోధకులందరూ నల్లజాతివారే కావాలని పట్టుదలతో ఉండేవాడు. 1890ల మధ్యలో స్లేటర్ నిధి ధర్మకర్తలు టస్కెగీలో వ్యవసాయ విద్యాశాఖ ఏర్పాటుకు సహాయం చేయడానికి ముందుకు వచ్చారు. ధనం సమకూరుతున్నా, శాఖకు అధిపతి దొరకడం కష్టమయ్యింది. దక్షిణ రాష్ట్రాలలోని పెద్ద కళాశాలలు నల్లజాతివారిని చేర్చుకొనేవి కావు. ఉత్తరాన చేరగలిగినవారు బహు కొద్దిమంది. వ్యవసాయ శాస్త్రంలో ఉన్నత పట్టా గల నల్లజాతి వ్యక్తిగా అప్పట్లో కార్వర్ పేరు ఒక్కటే వినిపించేది. అతడు రాకపోతే శ్వేతజాతి ఆచార్యుని నియమించడం తప్ప మార్గం లేని స్థితి ఏర్పడింది.

నియామకం

కార్వర్‌ను కోరింది టస్కెగీ ఒక్కటే కాదు. అంతకు ముందే మిసిసిపీ రాష్ట్రంలోని ఆల్కార్న్ వ్యవసాయ కళాశాల అతనిని పిలిచింది. అయోవా కళాశాల ఆచార్యులు కూడా అతనిని వదులుకోవడానికి ఇష్టపడలేదు. ఆ కళాశాల వ్యవసాయ విభాగాధిపతి జేమ్స్ విల్సన్ ఆల్కార్న్‌కు వ్రాసిన సిఫారసు లేఖలో అతని యోగ్యతను పొగుడుతూనే, అటువంటి మనిషిని పోగొట్టుకోవడం తమకు బాధాకరమని తెలియజేశాడు. కార్వర్ మాత్రం స్నాతకోత్తర పట్టా పూర్తయ్యేవరకు కదలదలచుకోలేదు.

1896 ఏప్రిల్‌లో వాషింగ్టన్ నుండి ఉత్తరం వచ్చింది. ఆయన ఇవ్వజూపిన జీతం సంవత్సరానికి 1,000 డాలర్లు. భోజన వసతి దీనికి అదనం. పేరుప్రతిష్ఠలు, సంపద లభిస్తాయని ఆయన ఆశపెట్టలేదు. బానిసత్వం నుండి బయటపడిన జనాన్ని పేదరికం నుండి పైకి తీసుకురావడమనే కఠినమైన పనిని మాత్రమే ముందుంచాడు. కార్వర్‌కు అయోవాలో మంచి ప్రయోగశాల, గౌరవించే సహచరులు, పరిశోధన కొనసాగించే వీలు ఉన్నాయి. అయినప్పటికీ, తన చదువు అంతా తన జాతి ప్రజలకు సేవ చేయడానికేనని విశ్వసించి టస్కెగీని ఎంచుకున్నాడు. అదే సంవత్సరం మే నెలలో అమెరికా సుప్రీంకోర్టు ప్లెస్సీ కేసులో జాతి విభజన రాజ్యాంగబద్ధమేనని తీర్పు చెప్పింది. అటువంటి కాలంలో ఒక నల్లజాతి విద్యావంతుడు ఉత్తరాది భద్రతను వదలి దక్షిణాదికి వెళ్ళడం తేలికైన నిర్ణయం కాదు.

తొలి సంవత్సరాలు

1896 అక్టోబరులో కార్వర్ టస్కెగీ చేరుకున్నాడు. ఇసుక నేల, వానకు కొట్టుకుపోయిన మట్టి, ఎటుచూసినా పత్తి చేలు ఆయనకు కనిపించాయి. ప్రయోగశాల అనదగినది లేదు. విద్యార్థులను వెంటబెట్టుకొని చెత్తకుప్పలు వెదకి, పాత సీసాలు, తీగలు, దారాలు, మూతలు తెచ్చి వాటితోనే పరికరాలు తయారుచేసుకున్నాడు. అయోవా నుండి తెచ్చుకున్న సూక్ష్మదర్శిని ఆయనకు ముఖ్యమైన ఆధారమయ్యింది.

సహోద్యోగులతో సంబంధాలు మొదటి నుండి సుముఖంగా లేవు. ఆయన జీతం మిగతావారిలో చాలామంది జీతం కంటే ఎక్కువ. అవివాహితులైన అధ్యాపకులు ఒక్కొక్క గదిలో ఇద్దరు చొప్పున సర్దుకుంటుండగా, కార్వర్ తన మొక్కల నమూనాల కోసం రెండవ గది అడిగాడు. వచ్చిన కొద్ది వారాలకే ఆర్థిక సంఘానికి వ్రాసిన లేఖలో తాను బోధనలో ఎక్కువకాలం ఉండబోనని, కొన్నేళ్ళ తరువాత చిత్రకళకు మరలుతానని కూడా తెలిపాడు. ఉత్తరాదిలో చదివి వచ్చినవానికి ప్రత్యేక మర్యాద ఎందుకన్న అసంతృప్తి అధ్యాపకులలో వ్యాపించింది.

1897లో అలబామా శాసనసభ టస్కెగీలో ఒక వ్యవసాయ ప్రయోగక్షేత్రాన్ని మంజూరు చేసి, ఏటా 1,500 డాలర్లు కేటాయించింది. 1887 నాటి హాచ్ చట్టం ప్రకారం ఒక్కొక్క రాష్ట్ర ప్రయోగక్షేత్రానికి కేంద్ర ప్రభుత్వం ఇచ్చే సొమ్ము 15,000 డాలర్లు. అలబామాలో ఆ సొమ్ము టస్కెగీకి సమీపంలోనే ఉన్న, శ్వేతజాతివారికి మాత్రమే ప్రవేశం గల ఆబర్న్ కళాశాలకు వెళ్ళేది. అదే సంవత్సరం నవంబరులో వ్యవసాయ శాఖ కొత్త భవనం ప్రారంభోత్సవానికి, అప్పటికి అమెరికా వ్యవసాయ కార్యదర్శి పదవి చేపట్టిన జేమ్స్ విల్సన్ స్వయంగా హాజరై పాత శిష్యుని గౌరవించాడు.

బోధన, రైతు సేవ

కార్వర్ పాఠం చెప్పే పద్ధతి ప్రత్యక్ష పరిశీలనపై ఆధారపడినది. విద్యార్థులు రోజూ ఒక మొక్కనో, పురుగునో, మట్టినో తెచ్చి దానిని గురించి చెప్పాలి. వృక్షశాస్త్రం, రసాయనశాస్త్రం, వ్యవసాయం వేరువేరు విషయాలు కావని, ఒక మొక్కను పూర్తిగా అర్థం చేసుకుంటే అన్నీ దానిలోనే కనిపిస్తాయని ఆయన బోధించేవాడు. పల్లె బడుల ఉపాధ్యాయుల కోసం ప్రకృతి పరిశీలన, తోటపనిపై పుస్తికలు కూడా వ్రాశాడు.

ఆ ప్రాంతపు రైతులలో అధికులు భూస్వాముల పొలాలను పంటలో వాటా ఇచ్చే షరతుపై సాగుచేసేవారు. విత్తనాలకు, తిండికి అప్పు తెచ్చి, పంట రాగానే తీర్చవలసి వచ్చేది. అప్పు ఇచ్చేవారు పత్తినే పండించమనేవారు. ఏటేటా పత్తి వేయడంతో నేల సారం హరించుకుపోయింది. ఎరువులు కొనే స్తోమత రైతుకు లేదు. అందువలన డబ్బు ఖర్చు లేని మార్గాలనే కార్వర్ వెదికాడు. అడవిలోని రాలిన ఆకులు, చిత్తడి నేలల మట్టి కుప్పవేసి కంపోస్టు చేయమన్నాడు. అలసంద, వేరుశనగ వంటి పప్పుజాతి పైర్లను పత్తితో మార్చి మార్చి వేయమన్నాడు. ఈ మొక్కల వేళ్ళ బుడిపెలలో నివసించే సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని గ్రహించి మొక్కకు అందిస్తాయి. పైరు అవశేషాలను నేలలో కలియదున్నితే భూమి సారవంతమవుతుంది. ఈ గింజలు పేదల ఆహారంలో కొరవడిన మాంసకృత్తులను కూడా సమకూరుస్తాయి.

ఈ విషయాలన్నిటినీ సులభమైన భాషలో చిన్న పుస్తికలుగా ప్రచురించాడు. 1898లో వెలువడిన మొదటి పుస్తిక ఓక్ గింజలను పశువుల మేతగా వాడడం గురించినది. మొత్తం 44 పుస్తికలు వెలువడ్డాయి. పంట సాగుతోపాటు వంట, నిల్వ పద్ధతులు, స్థానికంగా దొరికే రంగుమట్టితో గోడలకు వేసుకొనే పూతలు మొదలైనవి వాటిలో ఉండేవి. 1906లో మోరిస్ జెసప్ అనే దాత సహాయంతో గుర్రపు బండిపై సంచార వ్యవసాయ పాఠశాల ప్రారంభమయింది. చదవడం రాని రైతుకు పొలం వద్దనే పనిముట్లు, విత్తనాలు చూపి నేర్పే ఈ బండి నమూనాను రూపొందించినది కార్వరే. దీనిని నడిపిన థామస్ క్యాంప్‌బెల్ అదే సంవత్సరం కేంద్ర వ్యవసాయ శాఖ నియమించిన మొదటి నల్లజాతి విస్తరణాధికారి అయ్యాడు.

వాషింగ్టన్‌తో విభేదాలు

చిన్న సంస్థ కావడం వలన కార్వర్‌పై బోధన, పరిశోధనలతోపాటు మరెన్నో పనులు పడ్డాయి. పొలాలు, పాడి, కోళ్ళ పెంపకం, ఆవరణలోని చెట్లు, బావినీటి పరీక్షలు, లెక్కకు మించిన నివేదికలు అన్నీ ఆయన బాధ్యతలే. వాషింగ్టన్ ప్రతి శాఖ లెక్కలను స్వయంగా తనిఖీ చేసే క్రమశిక్షణాపరుడు. కార్వర్‌కు పరిపాలనలో శ్రద్ధగాని, నేర్పుగాని లేవు. 1904లో కోళ్ళ పెంపకానికి సంబంధించిన నివేదికలు వాస్తవానికి సరిపోలేదని విచారణ సంఘం తేల్చడంతో వివాదం ముదిరింది. 1902లో చేరిన జార్జ్ బ్రిడ్జ్‌ఫోర్త్ అనే అధ్యాపకునితో అధికారాల విషయమై పోటీ కూడా ఏర్పడింది.

కార్వర్ పలుమార్లు రాజీనామా చేస్తానని వ్రాశాడు. 1910లో శాఖను విభజించి, పొలాల నిర్వహణను బ్రిడ్జ్‌ఫోర్త్‌కు అప్పగించి, కార్వర్‌ను పరిశోధన విభాగానికి అధిపతిని చేశారు. వాగ్దానం చేసిన ప్రయోగశాల సకాలంలో అందకపోవడంతో మరల లేఖలు నడిచాయి. 1911లో వాషింగ్టన్ తన అభిప్రాయాన్ని నిర్మొహమాటంగా తెలియజేశాడు. దాని ప్రకారం కార్వర్ గొప్ప బోధకుడు, విద్యార్థులలో ఉత్సాహం నింపగల వక్త. కాని తరగతులను క్రమబద్ధం చేయడంలోను, పొలాన్ని లాభదాయకంగా నడపడంలోను సమర్థుడు కాడు. ఈ అంచనాలో న్యాయం ఉన్నది. అయితే, శాస్త్రవేత్తగా పిలిపించిన వ్యక్తి చేత కోళ్ళ లెక్కలు వ్రాయించడంలోని లోపాన్ని అది స్పృశించలేదు. ఇంత జరిగినా ఇద్దరి మధ్య పరస్పర గౌరవం తగ్గలేదు. 1915 నవంబరులో వాషింగ్టన్ మరణించినప్పుడు కార్వర్ చాలాకాలం కోలుకోలేకపోయాడు.

తరువాతి ప్రిన్సిపాల్ రాబర్ట్ మోటన్ కార్వర్‌ను రోజువారీ తరగతుల నుండి చాలావరకు తప్పించాడు. చేరిన సుమారు ఇరవై సంవత్సరాల తరువాత గాని ఆయనకు కోరుకున్న స్వేచ్ఛ లభించలేదు.

కీర్తి

1910 తరువాత బోల్ వీవిల్ అనే ముక్కుపురుగు అలబామా పత్తిని నాశనం చేయసాగింది. రైతులు ప్రత్యామ్నాయ పంటల వైపు చూడగా, వేరుశనగ సాగుకు ఆదరణ పెరిగింది. 1916లో కార్వర్ వేరుశనగ సాగుపై, దానితో చేయదగిన 105 వంటకాలపై వెలువరించిన పుస్తిక బహుళ ప్రచారం పొందింది. అదే సంవత్సరం ఇంగ్లండులోని రాయల్ సొసైటీ ఆఫ్ ఆర్ట్స్ ఆయనకు సభ్యత్వం ఇచ్చింది. 1921 జనవరిలో వేరుశనగ దిగుమతి సుంకంపై అమెరికా ప్రతినిధుల సభ సంఘం ముందు సాక్ష్యం చెప్పాడు. మొదట పది నిమిషాలు మాత్రమే కేటాయించిన సభ్యులు, ఆయన ప్రదర్శించిన వస్తువులకు ముగ్ధులై సమయాన్ని పొడిగించారు. 1923లో స్పింగార్న్ పతకం, 1928లో సింప్సన్ కళాశాల గౌరవ డాక్టరేటు లభించాయి. సి.ఎఫ్. ఆండ్రూస్ ద్వారా గాంధీజీతో పరిచయం ఏర్పడి, శాకాహార పోషణ విషయమై సలహాలు పంపాడు.

కార్వర్‌ను గురించి ప్రచారంలో ఉన్న కొన్ని విషయాలు వాస్తవం కావు. వేరుశనగ వెన్నను కనిపెట్టినది ఆయన కాదు. ఆయన తయారుచేసినట్లు చెప్పే 300 వేరుశనగ ఉత్పత్తులలో చాలావాటికి వ్రాతపూర్వకమైన సూత్రాలు లభించలేదు. వాటిలో కొన్ని అంతకుముందే తెలిసినవి. పరిశ్రమల స్థాయిలో విజయవంతమైనవి అరుదు. ఆయన పొందిన పేటెంట్లు మూడు మాత్రమే. ఈ ప్రచారం వలన ఆయన అసలు కృషి కొంత మరుగున పడింది. నిరుపేద రైతు చేతిలో ఉన్న వనరులతోనే నేలను, ఆహారాన్ని మెరుగుపరచుకొనే మార్గం చూపడమే ఆ కృషి. శిలీంధ్రశాస్త్రంలో ఆయన సేకరణలు నిపుణుల మన్నన పొందాయి. టాఫ్రీనా కార్వెరీ అనే శిలీంధ్రానికి ఆయన పేరు పెట్టారు.

చివరి రోజులు

కార్వర్ వివాహం చేసుకోలేదు. విద్యార్థుల వసతిగృహంలోనే చాలాకాలం నివసించాడు. ఆదివారం సాయంత్రాలు ఆయన నిర్వహించిన బైబిల్ తరగతికి విద్యార్థులు స్వచ్ఛందంగా వచ్చేవారు. జీతం విషయంలో నిరాసక్తుడు. చెక్కులను మార్చుకోవడం మరచిపోయేవాడని ప్రతీతి. పొదుపుగా జీవించి కూడబెట్టిన సుమారు 60,000 డాలర్లను, యువ శాస్త్రవేత్తల పరిశోధన కోసం 1940లో స్థాపించిన కార్వర్ ఫౌండేషన్‌కు, సంస్థలోని మ్యూజియమునకు వదలివేశాడు. 1943 జనవరి 5న టస్కెగీలో మరణించాడు. ఆయనను వాషింగ్టన్ సమాధి ప్రక్కనే ఖననం చేశారు. కొన్నేళ్ళ తరువాత మానివేస్తానని చెప్పి వచ్చిన ఉద్యోగి చివరకు ఆ సంస్థ నేలలోనే కలిసిపోయాడు.

గుర్తింపు

1943లోనే అమెరికా ప్రభుత్వం ఆయన జన్మస్థలాన్ని జాతీయ స్మారకంగా ప్రకటించింది. ఒక నల్లజాతి వ్యక్తి పేరున ఏర్పడిన మొదటి జాతీయ స్మారకం ఇదే. 1948లో తపాలా బిళ్ళ విడుదలయింది. 1951 నుండి 1954 వరకు ముద్రించిన అర డాలరు స్మారక నాణెంపై కార్వర్, బుకర్ వాషింగ్టన్‌ల ముఖచిత్రాలు కలిసి ఉన్నాయి. 1990లో ఆయన పేరును అమెరికా జాతీయ ఆవిష్కర్తల కీర్తిమందిరంలో చేర్చారు. ఆయన బోధించిన సంస్థ 1985లో టస్కెగీ విశ్వవిద్యాలయంగా మారింది.